గట్టు మట్టి అడిగినావిడ

వాడేసిన అణు ఇంధనాన్ని భూమి లోతున దాచినప్పుడు, చుట్టూ ఏ మట్టి కూరితే నీరు చేరదన్నది ఆవిడ పరిశోధన. భీమవరం దగ్గర మా రొయ్యల చెరువులకి వచ్చి, ప్రతి గట్టు దగ్గరా బంకమట్టిని వేళ్ళతో నలుపుతూ ఒకటే అడిగారు.

"ఎన్నాళ్ళు ఆగుతుందండి?"

"మా లీజు ఇంకో రెండేళ్ళండి. అందాకా ఆగితే చాలు," అన్నారు నాన్న.

"నాకు లక్షేళ్ళు ఆగాలండి."

"అప్పటికి ఎవరుంటారో ఏంటో."

"ఎవరున్నా తాగేది ఆ నీళ్ళే కదండీ," అంటూ ఆవిడ మట్టిని పొట్లం కట్టుకున్నారు.

మా చెరువు ఉప్పునీరు గట్టులోంచి ఊరి, తన వరి ఎర్రబడుతోందని పక్కచేను రైతు ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. మర్నాడు ఆ వైపు గట్టుకి నాన్న బంకమట్టి తోలించారు. పిడికెడు తీసి వేళ్ళతో నలుపుతూ ట్రాక్టరతన్ని అడిగారు.

"ఎన్నాళ్ళు ఆగుతుంది?"