బావగారి మంచం ముందు నుంచి

మా అత్త వరహాలమ్మ నీళ్లు తాగదు. ఈ ఒక్క సంగతి మీద మా ఇంట్లో నెల రోజులు గొడవ జరిగింది. గొడవ పడింది ఎక్కువగా నేనే, అది ముందే ఒప్పుకుంటున్నాను.

మాది పలాస నుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డ రైల్వే కుటుంబం. మామయ్య పోయి పన్నెండేళ్లయింది. ఆయన అన్న దానయ్య గారు ఫిట్టరుగా రిటైరై, భార్య పోయాక మాతోనే ఉంటున్నారు. పెరటి వరండాలో ఆయన మంచం. మంచానికి నాలుగడుగుల దూరంలో బాత్రూం. ఇంట్లో ఉన్నది అదొక్కటే.

మార్చిలో అత్తకు చలిజ్వరం వచ్చింది. కొడుకును, అంటే మా ఆయన్ని చూసి, పోయిన మామయ్య అనుకుని "డ్యూటీకి టైమైపోనాది, లేవండి" అంది. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు. మందులతో తగ్గింది. మే నెలలో మళ్లీ వచ్చింది. ఈసారి ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి హిందీలో కడిగేసింది. ఒంట్లో నీళ్లే లేవట, ఉన్న కాస్తా ఆపుకుంటోందట. మరోసారి వచ్చి రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పని చెప్పింది.

ఇక చూడండి, నేను యుద్ధం మొదలుపెట్టాను. గంటకో గ్లాసు నీళ్లు. మధ్యలో మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు. పొద్దున్నే ఉల్లిపాయతో బోరేబాసీ, అంటే ఇక్కడివాళ్లు వేసవిలో తినే నీళ్ల చద్దన్నం. చద్దన్నం తిని పెరిగిన మనిషి కాబట్టి అది మాత్రం ఇష్టంగానే తినేది. గ్లాసులు కూడా ఖాళీ అవుతున్నాయి. గెలిచాననుకున్నాను. జూన్‌లో కిటికీ దగ్గర మనీప్లాంటు వేళ్లు కుళ్లి కంపు కొట్టేదాకా నా గెలుపు సంగతి నాకు తెలియలేదు.

నాకు నెత్తి మండిపోయింది.

"మొండితనానికి హద్దుండాలత్తా! నీకోసం నేనింత చస్తుంటే, తీసుకెళ్లి మొక్కకు పోస్తావా?"

అత్త వంటింటి తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"తాగితే ఎల్లాలి గదే ఫణీ. ఎలాగెల్తాను? బావగారు అక్కడే కూకుంటారు. ఆరి ముందు నుంచి పదిసార్లు తిరిగితే ఏటనుకుంటారు?"

పెళ్లయిన నలభై నాలుగేళ్లుగా అత్త ఆయన ఎదుట కూర్చోలేదు, ఆయనతో నేరుగా మాట్లాడలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గోడకు చెప్పేది. బాత్రూంకు తెల్లారకముందు ఒకసారి, సాయంత్రం ఆయన షికారుకు వెళ్లినప్పుడు ఒకసారి, అంతే. మధ్యలో పగలంతా బిగబట్టుకుని కూర్చునేది. తాగు తాగు అని ప్రాణం తీశానే తప్ప, ఎందుకు తాగవని నేను ఒక్కరోజూ అడగలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గంతా కోపమై మా ఆయన ప్రేమ్‌చంద్ మీదికి మళ్లింది.

"మీ పెదనాన్న మంచం ముందుగదిలో వేద్దాం. ఎందుకో కూడా చెప్పు" అన్నాను.

వెళ్లాడు. "వరండాకు సున్నం వేయిద్దామనుకుంటున్నాం పెద్నాన్నా" అన్నాడు.

"అరే, ఇప్పుడెందుకురా? ఇక్కడ హవా బాగుంటాది. దీవాలీకి చూద్దాంలే."

మా ఆయన సరేనని తలూపి వచ్చేశాడు. అంత పొడుగు గూడ్సుబండి నడుపుతాడు, ఇంట్లో ఈ ఒక్క మాట నడపలేకపోయాడు!

"నేనే చెప్తాను" అని లేచాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వాగు. రోగం నాది. మాట నీదెందుకవ్వాలి?"

మర్నాడు పదకొండు గంటలకు అత్త వంటింట్లో నిలబడి నిండు చెంబుడు నీళ్లు తాగింది. మూతి తుడుచుకుని వరండాలోకి నడిచింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన ఉన్నచోట గోడవారగా తప్పుకునే మనిషి, ఆరోజు మంచానికి ఎదురుగా నిలబడింది. దానయ్య గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏటమ్మా?"

"బావగారూ, నాను ఇకనుంచి పగలంతా నీళ్లు తాగుతాను. తాగితే ఒంటికెల్లాలి. ఈ దారినే ఎల్లాలి."

అత్త తల దించుకోలేదు. ఎర్రబడింది ఆయన మొహమే.

"నానెప్పుడైనా వద్దన్నానేటి?"

"మీరు వద్దన్లేదు. నానడగనూ లేదు. ఇప్పుడూ అడగట్లేదు బావగారూ, చెప్తన్నాను."

అని, పట్టపగలు, ఆయన మంచం ముందు నుంచే నడిచి వెళ్లి బాత్రూం తలుపు వేసుకుంది.