స్టేజీ మీది మోత

సూరత్‌లో తెలుగు నేతవాళ్లుండే గోడాదరాలో అంబదాస్‌కు పాము చెవులని పేరు. వడోద్‌లోని ఒక రేకుల షెడ్డు కార్ఖానాలో ఆయన ఎనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు, చూసుకునేవాడు. నూట ఇరవై సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కన పిడుగు పడినా తెలియని చోటు అది. అక్కడ నాలుగు వరుసల అవతల నుంచి ఎవరేమన్నా టక్కున జవాబు చెప్పేవాడు. నిజానికి ఆ పని చేసింది చెవులు కావు, కళ్లు. ఇరవై ఏడేళ్లు సాంచాల మధ్య నిలబడ్డవాడికి ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టడం దానంతటదే వచ్చేస్తుంది. దాన్నే వినడం అనుకుంటాడు. అంబదాస్ కూడా అలాగే అనుకున్నాడు.

ఇక గిటార్ సంగతి. నేత పనివాడికి రాక్ గిటార్ ఏమిటని నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వనివ్వండి. పెళ్లిళ్లలో వాయించే ఆర్కెస్ట్రా ఒకటి మూతపడుతుంటే వాళ్ల పాత గిటార్ కొనుక్కుని, సెలవు రోజుల్లో మేడ మీద వేళ్లు పగిలేదాకా వాయించి నేర్చుకున్న మనిషి. నేర్పిన గురువు లేడు, మెచ్చుకున్న చుట్టం లేడు. నలభై దగ్గరపడ్డాక ఒక బ్యాండులో చోటు దొరికింది. బ్యాంకు ఆఫీసరు కొడుకు ఉదయ్‌కిరణ్ పెట్టిన బ్యాండు అది. ఉదయ్ పాడతాడు, పాడుతూ పక్కన మెల్లగా రెండో గిటార్ వాయిస్తాడు. రైల్వే ఉద్యోగి కూతురు ఇందుజ కూడా పాడుతుంది. డ్రమ్ములకు, బేస్‌కు ఇద్దరు గుజరాతీలు. బ్యాండుకు 'తానా బానా' అని, అంటే పడుగూ పేకా అని, పేరు పెట్టింది మాత్రం అంబదాసే. కార్ఖానాలో ఆయన పదిహేనుమంది పనివాళ్లలో ఒక కారీగర్. స్టేజీ మీద లీడ్ గిటారిస్టు. సూరత్ మొత్తంలో ఆయనను పేరు పెట్టి పిలిచి చప్పట్లు కొట్టే చోటు అదొక్కటే.

గొడవల్లా యాంప్‌తోనే. గిటార్ స్వరాన్ని పెద్దది చేసే స్పీకరు పెట్టె అది. అంబదాస్‌ది వంద వాట్లది, బియ్యం బస్తా అంత బరువు. పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాడు. స్టేజీ ఎక్కగానే వాల్యూమ్ తిప్పేవాడు. వాయించేకొద్దీ ఇంకాస్త తిప్పేవాడు.

"అన్నా, ప్లీజ్, కొంచెం తగ్గించు. మా గొంతులు మాకే వినపడటం లేదు," అని ఉదయ్ బతిమాలేవాడు.

"నాకే ఇనవడ్తలేదు, ఇంకేం తగ్గియ్యాలె తమ్మీ?"

"కింద పెడితే సౌండంతా నీ మోకాళ్లకు పోతోంది. స్టూలు మీద పెట్టి చెవి వైపు తిప్పుకో."

అంబదాస్ స్టూలు మీద పెట్టాడు. చెవి వైపు తిప్పుకున్నాడు. అయినా చాలక వాల్యూమ్ మళ్లీ పెంచాడు. అప్పుడైనా అనుమానం రావాలి కదా? రాలేదు. మోతకు మరిగిన మనిషికి మోత తగ్గితేనే వెలితి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, ఇక్కడ ఊదేవాడికే చెవుడు.

కొన్నాళ్లకు ఉదయ్ అడగడం మానేశాడు. మంచి పిల్లవాడు, అర్థం చేసుకున్నాడని అంబదాస్ సంతోషించాడు.

రెండు వేల ఇరవై మార్చిలో లాక్‌డౌన్ పడి సాంచాలు ఆగిపోయాయి. సగం గల్లీ దొరికిన బండి ఎక్కి ఊళ్లకు పోయింది. అంబదాస్ మాత్రం భార్య భాగ్యలక్ష్మితో, కూతురు సంధ్యారాణితో అక్కడే ఉండిపోయాడు. సూరత్ అంత నిశ్శబ్దంగా ఉండటం ఎవరూ ఎరగరు. ఆ నిశ్శబ్దం ఆయనకు దక్కలేదు. సాంచాలు ఆగినా చెవుల్లో ఈల లాంటిదొకటి ఆగకుండా మోగుతూనే ఉంది.

ఏప్రిల్ వచ్చేసరికి అందరి మూతులకూ మాస్కులు వచ్చాయి. కిరాణా కొట్టు దగ్గర కొట్టువాడు ఏదో అన్నాడు. అంబదాస్‌కు మూతి మీద గుడ్డ కదలడం కనిపించింది, అంతే. వాడు రెండోసారి అన్నాడు, మూడోసారి అరిచాడు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. భాగ్యలక్ష్మి ముందుకు వచ్చి సామాను తీసుకుంది. ఇంటికి వచ్చాక ఆయన వెనక నిలబడి మూడుసార్లు పిలిచింది. ఆయన తన మానాన తాను చెప్పులు విప్పుకుంటూనే ఉన్నాడు. అప్పుడు ముందుకు వచ్చి మాస్కు తీసింది.

"నీకు చెవులు పోయినయయ్యా," అంది. అంటూనే ఏడ్చింది.

అంబదాస్ ఆమె మీద ఇంతెత్తున లేచాడు. మాస్కులను తిట్టాడు, కొట్టువాడిని తిట్టాడు. తిట్లన్నీ అయిపోయాక గోడకు ఆనుకుని కూచున్నాడు. ఆ రోజు ఆయనకు భయం వేసింది.

మే నెలలో ఏమీ తోచక ఉదయ్ బ్యాండు వాట్సాప్ గ్రూపులో పాత ప్రోగ్రాముల రికార్డింగులు పెట్టాడు. ఫోనుతో తీసినవి కావు, సౌండంతా కలిపే మిక్సర్ నుంచి నేరుగా తీసినవి. పెద్ద స్పీకర్లలో జనం ఏం విన్నారో అందులో అదే ఉంటుంది. అంబదాస్ కూతురి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వాల్యూమ్ మొత్తం పెంచి విన్నాడు. ఫిబ్రవరిలో ఒక కాలేజీ గ్రౌండులో వాయించిన పాట. మధ్యలో తనొక్కడే వాయించే సోలో వచ్చింది. సన్నగా, తియ్యగా ఉంది. ఇంత బాగా వాయించానా అని మురిసిపోయి ఇయర్‌ఫోన్లు భార్య చెవుల్లో పెట్టాడు. మేడ మీద ఆయన ఆరు నెలలు ఆ ముక్క సాధన చేస్తే, ఆరు నెలలూ కింద వంట చేసుకుంటూ విన్న మనిషి ఆమె.

విని, తీసి ఇచ్చేసింది.

"గిది నువ్వు గాదు."

"నేను గాకుంటే ఇంకెవరే?"

"నాకేమెరుక? నువ్వు ఆఖర్ల తీగ గుంజుతవ్ గద, ఏడ్సినట్టు. గీడ గుంజలే. సాఫ్‌గ పోయింది."

ఆయన మరో నాలుగు పాటలు వినిపించాడు. నాలుగింటికీ ఆమె తల అడ్డంగానే ఊపింది.

జూన్‌లో రోడ్లు తెరవగానే నవాగామ్ వెళ్లాడు. బ్యాండుకు సౌండు పెట్టే బ్రహ్మచారి అనే అతని దుకాణం అక్కడే. ఎదురుగా కూచుని, "జర మాస్కు కిందికి చేసి చెప్పు. నా గిటార్ ఏమైతుంది?" అని అడిగాడు.

బ్రహ్మచారి కాసేపు వైర్లు చుట్టాడు. చుట్టిన వైరే మళ్లీ విప్పి చుట్టాడు. చివరికి మాస్కు దించాడు.

"నీ యాంప్ ముంగట మైకు పెడ్త గద, దాన్ని బంద్ జేసి ఉంచుత. యాంప్‌ను అడ్డం తిప్పి పెడ్తం, దాని మోత స్టేజీ మీదనే తిరుగుతది. నీ సోలో ఉదయ్ నేర్చుకుండు. ఆయన గిటార్ సీదా మిక్సర్లకు వస్తది. రెండేండ్ల సంది గిట్లనే. నీకు చెప్పొద్దన్నడు, బాధపడ్తవని."

"ఉదయ్ పక్కనుండి వాయిస్తే నాకు ఇనవడదా?"

"నీ మోతల నీకేడ ఇనవడ్తదన్నా?"

బాధపడతాడని చెప్పలేదట! ఎంత దయ! నాలుగు తిట్టినా పోయేది. తగ్గించకపోతే స్టేజీ ఎక్కవద్దన్నా పోయేది. చెవులు చూపించుకో అని ఒక్కరు అన్నా ఈపాటికి చూపించుకునేవాడేమో. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చి, పైగా దానికి మర్యాద అని పేరు పెట్టారు. వంగి వంగి అందుకున్న చప్పట్లు గుర్తొచ్చి అంబదాస్‌కు సిగ్గుతో ఒళ్లు మండింది. ఉదయ్‌ను నిలదీస్తే బ్యాండులో చోటు పోతుందని భయం. అడగకుండా ఉందామంటే అన్నం సహించడం లేదు. అలా ఎనిమిది నెలలు గడిపాడు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో తెలుగువాళ్ల సంఘం హాలులో ప్రోగ్రాం కుదిరింది. కుర్చీ విడిచి కుర్చీలో జనం కూచున్నారు. అంబదాస్ ఎప్పటిలాగే యాంప్ మోసుకొచ్చాడు, వైర్లు పెట్టాడు, స్విచ్ వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. వాల్యూమ్ మాత్రం సున్నా మీద ఉంచాడు. తన గిటార్ మోగడం లేదని బ్యాండులో ఒక్కరు గమనించి తల తిప్పి చూస్తే చాలు, జరిగిందంతా మరిచిపోదామని మనసులో గట్టిగా అనుకున్నాడు.

మొదటి పాట అయింది. ఎవరూ చూడలేదు. రెండో పాటకు ఇందుజ ఆయన వైపు తిరిగి బొటనవేలు ఎత్తి నవ్వింది, మోత తగ్గిందన్న సంతోషంతో, గిటారే మోగడం లేదని తెలియక. మూడో పాటలో సోలో వచ్చింది. అంబదాస్ వేళ్లు తీగల మీద పరిగెత్తాయి. మిక్సర్ సౌండు పాడేవాళ్లకు వినపడాలని కాళ్ల దగ్గర పెట్టిన చిన్న స్పీకరులోంచి ఆ ముక్క సన్నగా వినిపించింది. పక్కకు చూశాడు. ఉదయ్ జనం వైపే చూస్తూ, తొణక్కుండా, బెణక్కుండా, దాన్ని వాయించుకుంటూ పోతున్నాడు. ఆఖరున అంబదాస్ తీగ గుంజాడు. ఉదయ్ గుంజలేదు. జనం అంబదాస్ వేళ్ల వైపు చూసి చప్పట్లు కొట్టారు.

ప్రోగ్రాం అయిపోయి సామాను సర్దుతుంటే ఉదయ్ ఆయన దగ్గరికి వచ్చాడు. చెమట తుడుచుకోవడానికి మాస్కు గడ్డం కిందికి దించాడు.

"ఈరోజు బ్యాలెన్స్ ఎంత బాగా కుదిరిందో అన్నా! నీ గిటార్ ఇంత క్లియర్‌గా ఎప్పుడూ రాలేదు."

"అవ్ తమ్మీ," అన్నాడు అంబదాస్, యాంప్ మీద దుప్పటి కప్పుతూ. "నాకు గుడ ఇయ్యాలనే ఇనవడ్డది. మంచిగ వాయించినవ్."

ఉదయ్ మొహం పాలిపోయింది. మాస్కు మళ్లీ ముక్కు మీదికి లాక్కున్నాడు. ఆ తరువాత వాడు చాలాసేపే మాట్లాడాడు. ఏమన్నాడో అంబదాస్‌కు తెలియదు.