ఎడమ ఎరుపు, కుడి పచ్చ, నడుమ నా కళ్ళు

అప్పన్న మీద కేకలేసిన సాయంత్రమే నాకేదో తేడాగా ఉందని తెలియాల్సింది. తేడా అప్పన్నలో ఉందనుకున్నాను.

వంశధార సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన మా రేవు. మనుషుల్నీ చేపల తట్టల్నీ అప్పుడప్పుడు మేకల్నీ అవతలి ఒడ్డుకి దాటించే ఇంజను బోట్లు మూడున్నాయి. ఒకటి నాది, ఒకటి అప్పన్నది. ఆ రోజు పొద్దు వాలాక అప్పన్న బోటు ఎదురొచ్చింది. దాని రెండు పక్కల దీపాలూ ఒకే రంగులో, మురికి గోధుమ రంగులో కనిపించాయి. ఒడ్డుకి చేరగానే పట్టుకున్నాను.

"ఒరే అప్పన్నా, రెండు పక్కలా ఒకే రంగెట్టినావేటిరా?"

అతను దీపాలకేసి చూశాడు. నాకేసి చూశాడు. "తాగినావేటన్నా? నువ్వే కదా అవి బిగించినావు! ఇటెరుపు, అటు పచ్చ. సరీగ్గానే ఉన్నాయి కదా?"

"అద్దాలు మాసినట్టున్నాయి, తుడు" అన్నాను. పాపం, తుడిచాడు. అద్దాలు మెరిశాయి. రంగులు మాత్రం రాలేదు.

ఆ దీపాలు మా రేవుకి తెచ్చిన మహానుభావుణ్ణి నేనే. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. ఉద్యోగాలు నన్ను గుర్తుపట్టలేదు గానీ నది గుర్తుపట్టింది. రేవులో నన్ను 'మాస్టరు' అంటారు. గౌరవమో వెటకారమో ఇప్పటికీ అడగలేదు. నేను వచ్చేనాటికి ఒక బోటుకి పెళ్ళిపందిరి సీరియల్ బల్బులు, ఇంకోదానికి చేతి టార్చి ఉండేవి. నా బోటు అంతకుముందు మా ఆవిడ తండ్రిది, పేరు గురువులు, నాకు మావ. ఆ బోటుకి ఉన్నవల్లా ఒక లాంతరు, మావ గొంతు. నేను పట్టుబట్టి అందరికీ ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క పచ్చ, వెనక తెలుపు పెట్టించాను. ఎదుటి బోటుకి రెండు రంగులూ కనిపిస్తే అది నేరుగా మన మీదికి వస్తోందని అర్థం, ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. ఎరుపొక్కటే కనిపిస్తే దారి దానిది, మనం తగ్గాలి. పచ్చొక్కటే కనిపిస్తే మనం సాగిపోవచ్చు. ఇంతే శాస్త్రం.

మావకి నచ్చలేదు. "నా గొంతినబడని దూరంలో ఉన్నోడికి నా దీపం మాత్రం దేనికిరా?" అన్నాడు. యాభై ఏళ్ళు చుక్కాని పట్టిన మనిషి. వాదన గెలిచానని కాదు, కూతురు చెప్పిందని ఒప్పుకున్నాడు.

ఇక జబ్బు సంగతి. అప్పన్నని తిట్టే నాటికి నేను టీబీ మాత్రల్లో మూడో నెలలో ఉన్నాను. మూడు వారాలు వదలని దగ్గు, సాయంత్రం జ్వరం, వదులైపోయిన లుంగీ, ఎక్స్‌రే, కఫం పరీక్ష, ఈ వరస చాలామందికి తెలిసిందే. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు, ఎవరికీ లేదు. మొదటి రెండు నెలలు ఇల్లు కదలలేదు. కఫంలో క్రిములు లేవని తేలాకే రేవుకి వచ్చాను. మాత్రలిచ్చే రోజు నర్సమ్మ వేలు మడిచి మడిచి చెప్పింది: "మూత్రం ఎర్రగా వస్తాది, భయపడకు. కళ్ళు పచ్చబడితే సెప్పు. సూపు మసకబారినా, రంగులు తేడా వచ్చినా వెంటనే రా." నేను మొదటి అంశం దగ్గరే ఆగిపోయి దాని మీద ఒక జోకు తయారు చేసుకుంటున్నాను. మిగతావి గాలికి పోయాయి.

గోధుమ దీపాల గురించి మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. అలసట అనుకున్నాను. ఇంజను చప్పుడుని బట్టి ఎవరి బోటో పోల్చుకుంటూ లాగించాను. ఎరుపు తరంగదైర్ఘ్యం ఎంతో అప్పటికీ కంఠతా వచ్చు. ఎరుపు ఎలా ఉంటుందో మాత్రం గుర్తు లేదు.

నాలుగో వారం ఒక సాయంత్రం ఇసుక దిబ్బ పక్కన సన్నటి పాయలో ఉన్నాం. బోటు నిండా జనం, ముందు కొసన మావ. కుడి వైపు నుంచి ఒకే ఒక్క దీపం వస్తోంది. ఎరుపైతే నేను తగ్గాలి, పచ్చయితే సాగాలి. నాకది గోధుమ. గోధుమకి నేను రూలు రాయలేదు. పచ్చే అయ్యుంటుందని సాగిపోయాను.

"కుడీ! కుడికి కొట్టరా!" మావ అరుపుకి నా చేయి నాకంటే ముందు కదిలింది. ఎదుటి బోటు చేయి చాపితే తగిలేంత దగ్గరలో దాటిపోయింది. ఒక చేపల తట్ట నీళ్ళలో పడింది. తట్ట తాలూకు ముసలమ్మ నా వంశాన్ని మూడు తరాల వరకు స్మరించింది. మావ ముందు కొస నుంచి లేచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాకు దానికే భయమేసింది.

మర్నాడు పొద్దున్నే బోట్లు కట్టే పాకలోకి రమ్మన్నాడు. బోటు నీడలో ఉంది, దీపాలు వెలుగుతున్నాయి.

"ఎడం పక్కది ఏ రంగురా?"

"ఎరుపు."

"ఎలగ తెలిసినాది?"

"ఎడం పక్క ఎరుపే కదా మావా. పెట్టింది నేనే."

"తెల్లారగట్ల లేచి అటుదిటు, ఇటుదటు మార్చీసినాను." బీడీ పారేశాడు. "నాతో అబద్ధమాడు. నా కూతురుతో ఆడు, దానికలవాటే. సుక్కాని కాడ ఆడకు."

ఇంజను తిప్పే హ్యాండిలు ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ హ్యాండిలుతోనే బస్సెక్కాడు, నన్ను కూడా ఎక్కించాడు.

కంటి డాక్టరమ్మ వయసులో చిన్నావిడ. నా మందుల చీటీ చూసి, చుక్కల పుస్తకం ఒకటి నా ముందు తెరిచింది. రంగు చుక్కల మధ్య అంకెలు దాగి ఉంటాయి, చెప్పాలి. మొదటి పేజీలో పన్నెండు చెప్పాను. పొంగిపోయాను.

"అది అందరికీ కనిపిస్తుందండీ" అంది.

ఆ తర్వాత పేజీల్లో చుక్కలు తప్ప ఏమీ లేవు. వెనక నుంచి మావ మొదలెట్టాడు: "ఎనిమిది! ఆరు!" అతనికి అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు.

"తాతగారూ, పరీక్ష మీకు కాదు" అంది డాక్టరమ్మ. డెబ్బై దాటిన ఆ కళ్ళని కాసేపు మెచ్చుకోలుగా చూసింది. "ఈ మాత్రలు వేసుకునేది ఈయన. చూడగలిగేది మీరు."

విజువల్ ఫీల్డ్ పరీక్ష అన్నారు, కంటి నరానికి ఓసీటీ స్కాన్ అన్నారు, కిడ్నీల కోసం క్రియాటినిన్ అన్నారు. చివరికి డాక్టరమ్మ తేల్చింది: "ఎథాంబ్యుటాల్ అని మీ మాత్రల్లో ఒక మందుంది. కొద్దిమందిలో కంటి నరాన్ని, ఆప్టిక్ నెర్వ్‌ని, దెబ్బతీస్తుంది. ముందు పోయేది ఎరుపు, పచ్చ. ఎన్నాళ్ళయింది?"

"నెల కావస్తోంది."

"మొదటి రోజే ఎందుకు రాలేదు?"

నర్సమ్మ మడిచిన మూడో వేలు అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడే టీబీ డాక్టరుకి ఫోన్ చేసింది. అన్నీ కలిపిన మాత్ర ఆపి, ఆ ఒక్క మందు తీసేసి, మిగతావి విడివిడిగా రాశారు. టీబీ మందులు మొత్తంగా ఆపడానికి వీల్లేదని ఇద్దరూ గట్టిగా చెప్పారు.

"చూపు మళ్ళీ వస్తుందా మేడమ్?"

"చాలామందికి వస్తుంది. అందరికీ పూర్తిగా రాదు. నెలలు పట్టొచ్చు. వచ్చేముందు ఇంకొంచెం దిగజారొచ్చు కూడా."

"సుక్కాని పడతాడా అమ్మా?" అన్నాడు మావ.

"ముందు కళ్ళు. బోటు సంగతి తర్వాత."

"మాకు రొండూ ఒకటేనమ్మా."

దిగజారింది. నెల తిరిగేసరికి పేపర్లో అక్షరాల నడుమ బొక్కలు పడ్డాయి. మా ఆవిడ ముఖం మధ్యలో మసక, చెవులు మాత్రం స్పష్టం. పెళ్ళయిన పదకొండేళ్ళలో నీ చెవుల్ని ఇంత శ్రద్ధగా చూడటం ఇదే మొదలని ఆమెతో అన్నాను. ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. డాక్టరమ్మ మాత్రం కంగారు పడలేదు. "దిగజారొచ్చని ముందే చెప్పాను కదా. మందు ఆపేశాం. ఇప్పుడు మన పని ఆగడమే" అంది. ఆగడం నాకు రాని విద్య.

ఆ నెలల్లో బోటు నడిపింది మావ. ఆ మనిషి గురించి చెప్పకపోతే ఈ అనుభవం రాయడం దండగ. దీపాలొద్దన్న మావ ఇప్పుడు రోజూ పొద్దు వాలే ముందు మిగతా రెండు బోట్ల వాళ్ళనీ వరుసలో నిలబెట్టేవాడు. ఊడదీసిన దీపాలు రెండు చేతికొకటి పట్టుకుని యాభై అడుగులు వెళ్ళి నిలబడేవాడు. ఏ చేతిలో ఏది ఉంటుందో, ఏది పైకెత్తుతాడో అతని ఇష్టం. రంగు చెప్పిన వాడికే ఆ రాత్రి చుక్కాని.

"నాకేటైనాది మావా? ఈ సదువుకున్నోడి జబ్బు నాకెందుకు?" అని అప్పన్న గొణిగాడు.

"నీకేటవలేదు. అవనేదని నాకెలగ తెల్సు? ఒల్లకుండి రంగు సెప్పు."

తన పరీక్ష తనూ తప్పించుకోలేదు. తన వంతు వస్తే దీపాలు అప్పన్న చేతికిచ్చి, వరసలో నిలబడి, బడిపిల్లాడిలా రంగులు చెప్పేవాడు. నేను పుస్తకాల్లోంచి తెచ్చింది దీపాలు. చూసే కంటిని కూడా తనిఖీ చేయాలని కనిపెట్టింది అంకెలు తప్ప రాని మనిషి. ఫిజిక్స్ తరఫున నాకు కొంచెం సిగ్గేసింది.

మందు ఆపిన మూడో నెలలో ఒక ఉదయం పాకలో కొక్కేలకి వేలాడే లైఫ్ జాకెట్లు మట్టి రంగులోంచి తేరుకున్నాయి. నారింజ రంగు అంత గొప్పదని అంతవరకు ఎవరూ చెప్పలేదు. చుక్కల పుస్తకంలో సగం పేజీలు చదివాను. టీబీ కోర్సు పూర్తయింది, కఫం శుభ్రంగా ఉందన్నారు. తర్వాతి నెలల్లో ఎడమ కన్ను దాదాపు మామూలైంది. కుడి కన్ను ఇంకా బేరమాడుతోంది. పగలు నడపొచ్చు, చీకటి పడ్డాక వద్దు అంది డాక్టరమ్మ. ఎప్పటిదాకా అంటే, "పుస్తకం మొత్తం చదివేదాకా" అంది.

మొన్నొక సాయంత్రం మావకి భుజం పట్టేసింది. మిగతా రెండు బోట్లూ అవతల ఉన్నాయి. రేవు నిండా జనం. "మాస్టరూ, నీకు నయమైపోనాది కదా, బేగి తియ్యి" అని అందరూ ఒకటే గోల. నాకూ ఆశ పుట్టింది. డాక్టరమ్మ మాట పక్కన పెట్టి, పరీక్ష పెట్టమని మావనే అడిగాను. నొప్పి భుజంతోనే దీపాలు పట్టుకుని యాభై అడుగులు నడిచాడు. ఐదుసార్లు సరిగ్గా చెప్పాను. ఆరోసారి ఎరుపన్నాను. మావ దీపం దించలేదు. అలాగే నిలబడ్డాడు.

దగ్గరికి నడిచాను. పది అడుగుల దూరంలో అది పచ్చ.

ఇంజను హ్యాండిలు ఈసారి నేనే తీసి మావ చేతికిచ్చాను. అప్పన్న బోటు వచ్చేదాకా అందరం ఒడ్డునే కూర్చున్నాం. జనం నన్ను బాగానే తిట్టారు. మావ పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. "కూకో. ఇయ్యాల బోటు నువ్వే నడిపినావు" అన్నాడు. పెళ్ళయ్యాక మావ నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే. రెండోసారి కోసం తొందరేమీ లేదు.

ఈ మాత్రలు వాడే మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. వారానికోసారి ఒక కన్ను మూసి ఏదైనా ఎర్రటి వస్తువుని చూడండి, తర్వాత రెండో కంటితో చూడండి. ఎరుపు వెలిసినట్టున్నా, రెండు కళ్ళకీ తేడాగా ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఆ పరీక్ష కూడా మీకు మీరే పెట్టుకోకండి. మీ మాట ఓ పట్టాన నమ్మని మనిషిని ఒకరిని చూసుకుని, వాళ్ళ చేత పెట్టించుకోండి.