ముత్యాల కుంటలో మందు బకెట్టు

చిన్నప్పటి నుంచీ నేను పిరికిదాన్నని పేరు. మీద బల్లి పడితే వీధి చివరిదాకా వినపడేలా అరుస్తాను. అలాంటిదాన్ని ముత్యాలు పెంచుతానంటే మా ఆయన నవ్వకుండా ఎలా ఉంటాడు?

"కోడిని కోస్తుంటేనే ఇంటెనక్కి పారిపోతావే. ఆల్చిప్ప నోరు తెరిచి లోపల పూస పెడతావా నువ్వు?" అన్నాడు.

పెట్టాను. తాడేపల్లిలో నేర్పించేవాళ్ళుంటే వెళ్ళి నేర్చుకున్నాను. అక్కడి జాలర్లు ఏట్లోంచి తీసిచ్చిన ఆల్చిప్పల్ని తడిగోనెల్లో చుట్టి ఇంటికి తెచ్చాను. చిప్ప నోరు రవ్వంత తెరిచి, లోపలి మెత్తని పొర కింద పూసని జారవిడవాలి. ఎక్కువ తెరిస్తే అది చచ్చిపోతుంది. మొదటి రోజు సగం పూసలు జారి అరుగు మీద దొర్లాయి. కొన్ని చిప్పలు నా చేతిలోనే పోయాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా అన్నం సయించేది కాదు. బతికినవాటిని వల సంచుల్లో వేసి, ప్లాస్టిక్ గొట్టాలకు తాళ్ళు కట్టి కుంటలో వేలాడదీశాను. పూస చుట్టూ ముత్యం కట్టాలంటే ఏడాది పైగా అవి ఆ నీళ్ళలో బతికి ఉండాలి. అదొక్కటే నాకు కావలసింది.

చిక్కంతా ఆ కుంటతోనే. మాది దర్శి వైపు మెట్ట. చుట్టూ మిరప, పత్తి. చేను చివర ఆ కుంట తవ్వించిందే పురుగుమందు కలుపుకోవడానికి. మేమే కాదు, పక్క చేలవాళ్ళు కూడా డ్రమ్ములు నింపుకునేది అందులోనే, కొట్టడం అయ్యాక ట్యాంకులు కడుక్కునేదీ అందులోనే. తప్పని ఎవరూ అనుకోరు. నీళ్ళున్నచోట కడుక్కుంటారు, అంతే. నా చిప్పలు చావడానికి ఆ మందు చుక్క చాలునని తాడేపల్లిలో మరీ మరీ చెప్పారు. అందుకని పాత నీళ్ళన్నీ తోడించి, అడుగు బురద తీయించి, బోరు నీళ్ళు పట్టించాను. ఆ తర్వాత గట్టు గట్టుకీ తిరిగి బతిమాలాను.

పక్క చేను సాయిబు గారిని నేను బాబాయ్ అంటాను. ఆయన తలపాగా సర్దుకుంటూ, "నత్తగుల్లలకి ఎంత వైభోగమొచ్చిందమ్మా! సర్లే, మా ట్యాంకు ఇంటికాడే కడుగుతాంలే," అన్నాడు. అన్నమాట ప్రకారం ఆయన ఒక్కసారి కూడా కుంట దగ్గరికి రాలేదు. అయినా నాకు నమ్మకం చిక్కలేదు. దూరంగా స్ప్రేయర్ మోటారు చప్పుడు వినపడితే చాలు, వండుతున్నదాన్ని స్టవ్వు ఆర్పేసి చేలోకి పరిగెత్తేదాన్ని. ఊళ్ళో నన్ను చూసి నవ్వారు. నవ్వితే నవ్వారు.

మిరప పూత మీదుండగా నల్ల తామర పురుగు దిగింది. పువ్వు విదిలిస్తే అరచేతిలో నల్లగా పాకాయి. రెండు రోజులు ఊరుకుంటే పూతంతా రాలిపోతుంది. కొట్టక తప్పదు. గాలేమో చేను మీంచి కుంట వైపే వీస్తోంది.

"ఇయ్యాల వద్దండీ. గాలి చూడండి," అన్నాను.

"పురుక్కి చెప్పు, గాలి మళ్ళిందాకా ఆగమని," అని మా ఆయన విసుక్కున్నాడు. విసుక్కున్నాడే గాని ఆ రోజు మందు ముట్టుకోలేదు. మర్నాడు తెల్లవారేసరికి గాలి పడిపోయింది. కుంట మీద పరదాలు కప్పాం. కుంట పక్క సాళ్ళు వదిలేసి, మిగతా చేనంతా కొడతానన్నాడు. నీళ్ళు కూడా బోరు దగ్గర్నుంచే డ్రమ్ముల్లో తెచ్చి పెట్టుకున్నాడు. నేను గట్టు మీద కూర్చుని ఆకు కదిలినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను.

సగం చేను అయింది. డ్రమ్ములో నీళ్ళయిపోయాయి. ఆయన మందు కలిపే బకెట్టు పట్టుకుని, తలొంచుకుని, ఏదో ఆలోచించుకుంటూ తిన్నగా కుంట దగ్గరికి వచ్చాడు. పరదా అంచు పైకెత్తి బకెట్టు ముంచాడు.

నేను అరిచిన అరుపుకి ఆయన చెయ్యి వదిలేశాడు. బకెట్టు బోర్లా పడి మునిగిపోయింది. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే నడిచొచ్చాయి. అది నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు అర్థం కాలేదు. ఈత రానిదాన్ని, చీరతోనే నడుం లోతు నీళ్ళలోకి దూకి బకెట్టు పైకి లాగాను. దాని అంచున తెల్లటి మందు చార ఇంకా ఉంది.

"మీకు కళ్ళు పోయాయా? కావాలనే చేశారు! నవ్వి నవ్వి చివరికి చంపి ఊరుకున్నారు!" అన్నాను. ఇంకా చాలా అన్నాను. పక్క చేలో బాబాయి పని ఆపేసి చూస్తున్నా ఆగలేదు. మా ఆయన పరుగున ఇంటికి వెళ్ళాడు. మోటారు తెచ్చి సగం నీళ్ళు తోడిపోసి, బోరు నీళ్ళు పెట్టాడు. చీకటి పడేదాకా పెడుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్ళాం. నీళ్ళలోకి దిగి, "రండి, ఈ తాడు పట్టుకోండి," అన్నాను. ఆయన రాలేదు. అవతలి గట్టు మీద, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"నా చేతులకి మందు వాసన పోలేదే. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా పోలేదు. నువ్వే చూడు," అన్నాడు.

మొదటి సంచి పైకి తీశాను. బతికున్న చిప్పయితే అంచు మీద వేలు తగలగానే టక్కున మూసుకుంటుంది. చచ్చిందయితే నోరు తెరుచుకునే ఉంటుంది. వేలు ఆనించడానికి ధైర్యం చాలక కాసేపు అలాగే పట్టుకున్నాను.

"మూసుకుందా?" అన్నాడాయన.

తాకాను. మూసుకుంది. అదే చెప్పాను. రెండోదీ మూసుకుంది, మూడోదీ మూసుకుంది. ఒక్కోదానికీ ఆయన అవతలి నుంచి అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. బకెట్టు పడినచోటికి వచ్చాను. అక్కడి సంచిలో ఒక చిప్ప తాకినా కదల్లేదు. గోటితో నొక్కాను. నోరు అలాగే ఉంది.

"మూసుకుందా?" అన్నాడు. నేను తలెత్తి చూశాను. ఆయన చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

ముందురోజు ఆయన్ని అన్న మాటలేవీ అప్పుడు నాకు గుర్తు రాలేదు. ఆ చిప్పని తడికొంగులో చుట్టి బొడ్లో దోపుకున్నాను.

"మూసుకుందండీ," అని చెప్పి, పక్క సంచి తాడు లాగాను.