జోల్వా దాకా తిన్నగా

భేస్తాన్‌లో మగ్గాల పనికి వలసొచ్చి స్థిరపడ్డ మనవాళ్లలో బుచ్చిరాములంత నడిచినవాడు లేడు. ఇరవై ఏళ్లుగా మరమగ్గాల మధ్య, మనవాళ్ల మాటలో సాంచాల మధ్య, తెగిన పోగులు ముడివేస్తూ తిరిగిన దూరమంతా చాపితే భూమిని చుట్టొచ్చి, చాయ్ తాగి, మళ్లీ బయలుదేరొచ్చు. లెక్క ఆయనదే. కాదనడానికి మనమెవరం?

కరోనా రెండో విడతలో భార్య స్వరాజ్యానికి ఆక్సిజన్ పెట్టినప్పుడు ఆసుపత్రి గేటు బయట నిలబడి మొక్కాడు, ఆమె ఇల్లు చేరితే షిర్డీకి కాలినడకన పోతానని. ఆమె చేరింది. చలికాలం రాగానే ఆయన కాలు నిలవలేదు. మందపాటి సాక్సులు, వేపనూనె, సత్తుపిండి, మాస్కులు సంచిలో సర్దేవాడు, మళ్లీ అన్నీ తీసి చూసుకుని మురిసిపోయేవాడు. నడక సాధన మాత్రం మగ్గాల షెడ్డులోనే. డ్యూటీ దిగాక సాంచాల వరుసల్లోనే ఇంకో గంట తిరిగేవాడు.

పాదయాత్ర పెద్ద నర్సింగం షరతు పెట్టాడు. ఆదివారం డిండోలి నుంచి ఊరవతలి జోల్వా దాకా నడిచి చూపిస్తేనే బాబా పల్లకి వెంట రానిస్తాడట.

"నన్ను పరీచ్చ వెడ్తవా? పల్లకి నేనే మోస్త, పైన నిన్ను గూసోవెట్టుకొని" అన్నాడు బుచ్చిరాములు.

ఆదివారం తెల్లారగానే అందరికంటే ముందు దూకాడు. పట్టుమని పాతిక అడుగులు వేశాడో లేదో, కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. వెనక వస్తున్నవాళ్లను గుద్దుకున్నాడు. సాంచాల వరుస అంతే పొడవు మరి. మళ్లీ నడిచాడు, మళ్లీ తిరిగాడు.

"ఏందే బుచ్చన్నా, షిర్డీ గిటున్నది. డిండోలికే మొక్కినవా?" అన్నాడు నర్సింగం. "గిట్లయితే ఈ ఏడు వద్దు తియ్."

బుచ్చిరాములు మొహం మాడిపోయింది. సాగనంపడానికొచ్చిన స్వరాజ్యం కొంగు నడుముకు చెక్కుకుని పక్కన నిలబడింది.

"నడువు. నేను మాట్లాడుతుంట, ఇను. సాంచాల మోతల ఎవ్వలన్న మాట్లాడుతరా? నా మాటినవడ్తె నీ కాళ్లకు గిది షెడ్డు కాదని తెలుస్తది."

"నీకు ఆయాసమొస్తది, వద్దే."

"వస్తె సూద్దాం."

పక్కింటి కనకవ్వ కోడలి సంగతితో మొదలుపెట్టి, తమ పెళ్లిలో ఆయన మింగిన లడ్డూల దాకా వచ్చింది. ఆయన కాళ్లు తిన్నగా సాగాయి. జోల్వా చేరేసరికి నర్సింగమే వెనకబడి చాయ్ బండి దగ్గర మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. స్వరాజ్యం దారి పొడుగునా ఒక్కసారి కూడా ఊపిరి కోసం ఆగలేదు. అది గమనించి బుచ్చిరాములు మాస్కు కిందే నవ్వుకున్నాడు.

"నర్సింగం, ఇద్దరి పేర్లు రాసుకో" అని కేకేశాడు. "నేను నడుస్త. ఈమె మాటలాపదు. బాబా గూడ లేచి కూసోని ఇనాలె."