ఖమీస్‌లో కట్టిన డప్పు

కాక పోయాడని మొన్న శుక్రవారం ఆయన కొడుకు జగిత్యాల నుంచి ఫోన్ చేసి చెప్పాడు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో మా కూలీల క్యాంపు మొత్తానికీ ఆయన కాకే. నేను కడప జిల్లా సాయిబుని, కంపెనీ బస్సు డ్రైవర్ని. నాకూ కాకే. ఆయనది షట్టరింగ్ వడ్రంగం పని. ఎవరి కూరకైనా ఉప్పు తక్కువైందని వంకపెట్టి, రెండోసారి వడ్డించుకునేవాడు.

నితాఖాత్‌లో అంటే సౌదీవాళ్లకు ఇవ్వాల్సిన ఉద్యోగాల లెక్కలో, కంపెనీ అట్టడుగు ఎర్ర రంగులో పడిన కాలమది. తలకింత అని వేసే లెవీలు కట్టలేక మా ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ చేయడం మానేశారు. గది తర్వాత గదిని ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపేవారు. మొదటి బస్సు నేనే నడిపాను. విమానాశ్రయం దాకా ఎవరూ నోరు విప్పలేదు. తిరిగొచ్చి ఆ మాట చెబితే కాకకు కోపమొచ్చింది.

"పీనుగకు గూడ డప్పుంటది, గిట్ల సప్పుడు లేకుంట వోవుడేంది బిడ్డా? కష్టం జేసినోళ్లం, దొంగలమా? అచ్చే బస్సును డప్పు కొట్టి సాగదోలుదాం."

"ఈడ డప్పు యాడుండాది కాకా?"

"లేకుంటె కడ్త."

ఆయన ఊళ్లో డప్పు కొట్టినవాడే గానీ, కట్టినవాడు కాదు. కట్టింది వాళ్ల నాయన. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసిందే ఆయనకున్న చదువు. షట్టరింగ్ చెక్కను వంపు ముక్కలుగా కోసి గుండ్రటి చట్రం కూర్చాడు. బక్రీద్‌కి నేను ఉప్పు పట్టించి తెచ్చిన మేకతోలును సున్నపునీళ్లలో నానబెట్టి, తాపీ అంచుతో బొచ్చు గీకాడు. ఆ కంపుకు గదిలో వాళ్లంతా ఆయన్ని తిట్టిపోశారు. తడితోలును చట్రానికి అంటించి, వెనక తోలుతాళ్లతో బిగించి, నీడలో ఆరబెట్టాడు.

ఖమీస్ కొండల మీద సాయంత్రమైతే పొగమంచు దిగుతుంది. తోలు వదులవుతుంది. మంట దగ్గర కాచితేగానీ డప్పు పలకదు. అట్టపెట్టెలు తగలబెట్టి అందరం చుట్టూ చేరాం. డప్పు అలా వేడెక్కిందో లేదో, ఒకవైపు తోలు అంచు లేచి వచ్చేసింది. తొందరలో చేతి అలవాటు కొద్దీ వడ్రంగుల తెల్లజిగురు పూశాడట. సెగకు అది కరిగిపోయింది. కాక దాన్ని చూసి పకపకా నవ్వాడు.

"మా నాయిన సింతగింజల జిగురు వెట్టెటోడు. నేను వడ్రంగోన్ని అయి చెడిన."

ఇక ఆ వారమంతా గింజల కోసం క్యాంపులో ప్రతి పొయ్యి మీదా చింతపండు పులుసే. గింజలు వేయించి, దంచి, జిగురు కాచి, తోలు మళ్లీ బిగించాడు. బస్సు కదిలే రోజుకు డప్పు కణకణమని పలికింది. ఒకాయన నెత్తిన సూట్‌కేసుతోనే చిందేశాడు. ఏడ్చినవాళ్లూ లేకపోలేదు. కానీ తలెత్తుకుని ఏడ్చారు.

నేను వేరే కఫీలు, అంటే వీసా పూచీదారు, దగ్గరికి మారాను కాబట్టి ఖమీస్‌లోనే ఉండిపోయాను. కాక వంతు వచ్చినరోజు డప్పు నా మెడలో వేశాడు.

"నువ్వు నాకు నేర్పింది ఒక్క దరువే గదా కాకా!"

"సాగదోలెటానికి గదొక్కటి సాలు."

కొడుతూ కొడుతూ ఎప్పటిలాగే నడుమ తప్పాను. కాక కిటికీలోంచి చెయ్యి చాపి, బస్సు రేకు మీద అరచేత్తో దరువు అందించాడు. గేటు దాటేదాకా అందిస్తూనే ఉన్నాడు.

శుక్రవారం ఫోన్ పెట్టేశాక గోడకున్న డప్పు దించాను. మంచుకు తోలు వదులై ఉంది. అట్టముక్కలు వెలిగించి కాచాను. చావుకు కొట్టే దరువు వేరే ఉంటుందంటారు. అది నాకు ఆయన నేర్పలేదు. వచ్చినదే కొట్టాను. అక్కడే, ఎప్పుడూ తప్పేచోటే మళ్లీ తప్పాను. పుల్లలు అలాగే పట్టుకుని, రేకు మీద అరచేతి చప్పుడు కోసం కాసేపు ఆగాను.