మేం వెలివేసిన ఎస్తేరక్క

మొన్న మంగళవారం ఉదయం, హైదరాబాదులోని ఒక ఆస్పత్రి వరండాలో, డాక్టర్ ఎస్తేరమ్మ ఇక లేదని అక్కడి వైద్యుడు నాకు చెప్పాడు. నేనూ వైద్యుణ్ణే. ఎన్నో కుటుంబాలకు ఆ మాట చెప్పినవాణ్ణి. అయినా నా వంతు వచ్చేసరికి అర్థం కాక, "మళ్ళీ చెప్పండి" అన్నాను. డెంగీ జ్వరం ముదిరి, నాలుగు రోజుల్లో, ముప్పై మూడేళ్ళ నిండు ప్రాణం అస్తమించింది.

ఆమె బీదర్ చిద్రిలో ఒక క్రైస్తవ కుటుంబపు బిడ్డ. తండ్రి బస్సు డ్రైవరు. రెండేళ్ళు నర్సుగా పనిచేశాక వైద్యవిద్య కోసం కిర్గిజిస్తాన్ ప్రయాణమైంది. బీదర్ జిల్లా నుంచి ఆ ఏడు ఒకే కళాశాలకు బయలుదేరిన ఏడుగురిలో ఆమె అందరికన్నా పెద్దది. అదే జిల్లాలో చింతకి అనే ఊరి రైతుబిడ్డనైన నేను అందరికన్నా చిన్నవాణ్ణి. మాకందరికీ ఆమె అక్కే.

అక్కడ మాకు రెండు గదులు, ఒకే వంటిల్లు. రెండో నెలలో మాలో ఒకణ్ణి బజారులో కొట్టి ఫోన్ లాక్కున్నారు. వాడి పగిలిన పెదవి చూశాక మా అందరి గుండెల్లో భయం గూడు కట్టుకుంది. మా నాయకుడు శేఖర్ ఒక కట్టడి పెట్టాడు: ఒంటరిగా ఎవరూ బయటికి పోవద్దు, అక్కడివాళ్ళతో సావాసం వద్దు.

అక్క ఒప్పుకోలేదు. వసతిగృహం గేటు దగ్గర కాపలా ఉండే ముసలమ్మ పక్కన రోజూ మధ్యాహ్నం కూర్చుని, అక్కడ అందరూ మాట్లాడే రష్యన్‌లో ఒక్కొక్క మాట అడిగి తెలుగు అక్షరాల్లో రాసుకునేది.

"నీ వల్ల మా అందరి మీదికి వస్తది అక్కా," అన్నాడు శేఖర్.

"వీళ్ళ మాట రాకుంటె వీళ్ళ రోగం నీకెట్ల తెలుస్తది శేఖర్? ఆరేండ్లు గోడ దిక్కు చూసుకుంట సదువుతవా?"

ఒక ఆదివారం శేఖర్ అందరినీ కూర్చోబెట్టాడు. కట్టడి దాటినవాళ్ళకు మన పొయ్యి మీద వంట లేదు, ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. ఆరు చేతులు లేచాయి. ఆరోది నాది. అక్క తన కుక్కరు, పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ముసలమ్మ గదిలో వండుకునేది. మూడు వారాలు మాలో ఎవరమూ ఆమెతో మాట్లాడలేదు. తరగతిలో నా పక్క నుంచే నడిచిపోతుంటే తల వంచుకునేవాణ్ణి.

అనాటమీ మౌఖిక పరీక్ష నాటి పొద్దున నాకు కడుపునొప్పి మొదలైంది. రెండుసార్లు వాంతి అయింది. పరీక్ష తప్పితే ఏడాది పోతుంది కనుక మిగతావాళ్ళు మంచినీళ్ళు పక్కన పెట్టి వెళ్ళారు. వాళ్ళను నేను తప్పుపట్టను. మెట్ల మీద వాళ్ళ మాటలు విన్న అక్క పుస్తకాలతోనే నా గదికి వచ్చింది.

"నొప్పి ముందు యాడ లేసింది మధూ?"

"బొడ్డు కాడ. ఇప్పుడు కుడిదిక్కు దిగింది."

కడుపు నొక్కి, చెయ్యి తీసింది. తీసినప్పుడు నేను కేక పెట్టాను. ఆమె వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది.

అంబులెన్సులో వచ్చినాయన తిండి పడలేదని మాత్ర ఇచ్చి పోబోయాడు. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. విరిగిన వాక్యాలతో, చేతితో నా కడుపు మీద నొప్పి నడిచిన దారి గీసి చూపుతూ, చెప్పిందే చెప్పింది. గుమ్మం మాత్రం వదల్లేదు. చివరికి ఆయన మళ్ళీ నా మీదికి వంగాడు. గంటలో నన్ను ఆపరేషన్ బల్ల ఎక్కించారు. అపెండిక్సు అప్పటికే చిట్లబోతున్నదట.

నాతోపాటు ఆమె కూడా పరీక్ష తప్పి ఆ ఏడాది కోల్పోయింది.

తెలివి వచ్చాక చెప్పకుండా ఉండలేకపోయాను. "అక్కా, ఆనాడు నేను గూడ చెయ్యెత్తిన."

"చూసిన. నీ చెయ్యి అందరికన్న ఎనక లేసింది. అది గూడ చూసిన. పండుకో."

మర్నాడు శేఖర్ తానే ఆమె కుక్కరు మోసుకొచ్చి మా పొయ్యి మీద పెట్టాడు. నేను ఆస్పత్రి నుంచి వచ్చాక రోజూ మధ్యాహ్నం ముసలమ్మ పక్కన ఏడుగురం కూర్చునేవాళ్ళం.

చదువు ముగిసి బీదర్ తిరిగొచ్చాక అక్క ఒక చిన్న ఆస్పత్రిలో చేరి, కన్నడంలో, దక్కనీ ఉర్దూలో, మరాఠీలో, తెలుగులో ఎవరి మాట వాళ్ళతో మాట్లాడేది. "మందు ఎనక. ముందుగాల మనిషిని చెప్పనియ్యాలె," అని నాకు ఎన్నోసార్లు చెప్పింది. తనకు జ్వరం వచ్చిన మొదటి రెండు రోజులూ ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా రోగులను చూసింది. ఆ ఒక్క తప్పును నేను క్షమించలేకున్నాను.

హైదరాబాదు ఆస్పత్రిలో ఆమెకు ఊపిరి గొట్టం వేయబోయే ముందు నన్ను దగ్గరికి పిలిచి, "మీ చింతకి లచ్చమ్మకు కుట్లు ఇప్పాలె. నువ్వు పో," అంది. ఆమె నాతో పలికిన కడపటి వాక్యం అదే. సమాధి నాడు శవపెట్టెను ముందువైపు శేఖర్ పట్టాడు.

నాకు ప్రాణదానం చేసిన ఆ మహనీయురాలికి ఈ అక్షరాలే నా అంజలి. నిన్న చింతకి పోయి లచ్చమ్మ కుట్లు విప్పాను. అక్క ఎందుకు రాలేదని అడిగితే నిజమే చెప్పాను. ఆ ముసలామె కొంగు నెత్తి మీదికి లాక్కుని కూర్చుంది.

"ఊర్ల అందరికి నేను ముసల్దాన్నే నాయినా. ఆ బిడ్డొక్కతే నన్ను పేరు వెట్టి పిలుస్తుండె," అంది.

కత్తెర సంచిలో పెట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, నేనూ అక్కడే కూర్చుండిపోయాను.